సరయ్యేదాకా మూయని ఫైలు

నా కంప్యూటర్ తెర మీద ఒకప్పుడు నూట పదకొండు ఫైళ్ళు తెరిచి ఉండేవి. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వండి, తప్పులేదు. ఆ రోజుల్లో మా ఆఫీసులో కూడా నవ్వారు. ఆ నవ్వుకు సిగ్గుపడి ఫైళ్ళు సర్దించుకున్నాను, సర్దించుకున్నందుకు ఒకడి ఉద్యోగం ఊడేంత పనైంది. ఉద్యోగంలో కొత్తగా చేరిన మీలాంటివాళ్ళకు ఎప్పుడైనా పనికొస్తుందని ఆ సంగతి రాస్తున్నాను. పనికిరాకపోయినా, రాసేస్తే నా గుండె ఇంకొంచెం తేలికవుతుంది.

నేను హిందీ మాట్లాడే బిలాస్‌పూర్‌లో, రైల్వే సిగ్నల్ కంట్రోల్‌లో పనిచేశాను. పెద్ద హంగేమీ ఊహించుకోకండి. ఒక గది, రెండు ఫోన్లు, ఒక కంప్యూటరు, మోత తప్ప చల్లదనం ఇవ్వని ఒక కూలరు. లైను మీద ఎక్కడ సిగ్నల్ చెడినా ముందు ఫోను మాకే వస్తుంది. మేం రాసుకుని, ఇన్‌స్పెక్టరుకు చెప్పి, బాగయ్యేదాకా వెంటపడతాం. అంతకు ముందు ఇరవై ఏళ్ళు నేనూ లైను మీద పానాలు పట్టుకు తిరిగినవాణ్ణే. మోకాళ్ళు మొరాయిస్తే కుర్చీలో కూర్చోబెట్టారు.

ఆ కుర్చీ పని నేర్పిన పెద్దాయన నాకు రెండే రెండు మాటలు చెప్పాడు. ఒకటి, విన్నది విన్నట్టు రాయి, నీ తెలివి కలపకు. లైన్‌మనిషి హిందీలో చెబితే హిందీలో, తెలుగులో చెబితే తెలుగులో రాసుకో. తర్జుమా చేస్తూ కూర్చుంటే అసలు మాట జారిపోతుంది. రెండోది, పని సరయ్యేదాకా పేజీ మూయకు. సరయిందని చెప్పాల్సింది నువ్వు కాదు, ఫోను చేసినవాడు. ఆయన కాలంలో పేజీ మధ్యలో చెక్క స్కేలు పెట్టి పుస్తకం తెరిచే ఉంచేవారట. నా కాలానికి కంప్యూటర్ వచ్చింది, స్కేలు పోయింది.

ఫెయిల్యూర్లు రాసే అసలు రిజిస్టరు వేరే ఉంది. కానీ అందులో చెడిపోయిన సిగ్నల్‌కే గడి ఉంటుంది. రేపో మాపో చెడిపోబోయేదానికి గడి లేదు. అలాంటి ఫోన్లన్నీ నేను ఒక మామూలు టెక్స్ట్ ఎడిటర్లో రాసుకునేవాణ్ణి. అక్షరాలు రాసుకోవడం తప్ప దానికి ఏ సోకూ లేదు. ఒక మీట నొక్కితే తేదీ, టైము దానంతటదే పడేది. ఒక్కో ఫోనుకు ఒక్కో ఫైలు, పని సరయ్యేదాకా తెరిచే ఉంటుంది. పొద్దున డ్యూటీకి రాగానే ఆ ట్యాబుల వరసను ఒకసారి ఎడమ నుంచి కుడికి చూస్తే చాలు, ఎవరికి ఏం బాకీ ఉన్నానో గుర్తొచ్చేది. వరస పెరిగి పెరిగి నూట పదకొండైంది. నా కంటి చుక్కల చీటీ, ఊరి నుంచి తెప్పించాల్సిన చింతపండు లెక్క కూడా అందులోనే ఉండేవని ఒప్పుకుంటాను.

అప్పుడు మా సెక్షనుకు జూనియర్ ఇంజినీరుగా ఒక అమ్మాయి వచ్చింది. ఇల్లు ఆ ఊళ్ళోనే, సర్కండాలో. వాళ్ళ తాత విజయనగరం వైపు నుంచి రైల్వేలో కళాసీగా వచ్చినవాడు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ చదవమంటే ఒక్కో అక్షరం దగ్గర ఆగి, దిక్కులు చూసి, అప్పుడు దాటుతుంది. వచ్చిన మూడో రోజే నా తెర చూసి నోరు తెరిచింది.

“ఏటిది అంకుల్! ఇత్‌నా సారా ఖులా హై? ఇన్ని తెరిచీసుంచితే మీకు కావల్సింది ఎలాగ దొరుకుతుంది?”

“దొరుకుతుంది” అన్నాను బింకంగా.

“అచ్ఛా? పోయిన నెల చకర్‌భాటా స్టేషన్ నుంచి వచ్చిన ఫోను ఒకటి తీయండి.”

తీశాను. తీసేటప్పటికి ఆ పిల్ల టీ తాగడం, గ్లాసు కడిగి పెట్టడం కూడా అయిపోయాయి. ఇంక బింకం ఎక్కడిది?

ఆ సాయంత్రమే ఆ ఎడిటరుకు రెండు ప్లగిన్లు తగిలించింది. ప్లగిన్ అంటే ఎడిటరుకు అదనంగా తగిలించుకునే చిన్న పనిముట్టు. మొదటిది నోట్సు వెతికేది. ఒక మాట కొడితే, ఆ మాట ఎక్కడెక్కడ రాశానో క్షణంలో వరసగా చూపిస్తుంది. రెండోది తెరిచి ఉన్న ఫైళ్ళను గుంపులు గుంపులుగా కట్టి, అక్కర్లేని గుంపును భద్రంగా పక్కన మూసి పెట్టేది. అదే వారం నాకు కంటి శుక్లం ఆపరేషనుకు సెలవు దొరికింది. “నేను వచ్చేలోపు నీకు తోచినట్టు సర్దీ తల్లీ” అని నేనే చెప్పి వెళ్ళాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చెప్పింది నేనే.

తిరిగి వచ్చేసరికి నూట పదకొండు కాస్తా ఆరు గుంపులయ్యాయి. కోటా వైపు లైను ఒక రంగు, రాయ్‌పూర్ వైపు ఒక రంగు, స్టోర్సు సామాన్లకు ఒక రంగు. తెర తలదువ్వుకున్న పిల్లాడిలా ముచ్చటగా ఉంది. ఆపరేషనైన కంటితో చూశానేమో, మరీ మెరిసిపోతూ కనిపించింది. నలుగురినీ పిలిచి చూపించుకున్నాను. వాటిలో ఏదో ఒకటి లేదని నాకు తట్టనే లేదు. లేనిదాన్ని కన్ను ఎలా పడుతుంది?

పదిరోజులకు తొలకరి దంచికొట్టింది. కోటా వైపు ఒక చిన్న స్టేషన్ దగ్గర పట్టాల పక్కనుండే సిగ్నల్ డబ్బాలోకి నీళ్ళు దిగాయి. సిగ్నల్ ఎర్రగా మారి ఎర్రగానే ఉండిపోయింది. ప్రమాదమేమీ లేదు, చెడితే ఎర్రగా ఉండిపోవడమే దాని ధర్మం. కానీ బొగ్గు బళ్ళు ఒకదాని వెనక ఒకటి నిలిచిపోయాయి, వాటి వెనక ఒక ఎక్స్‌ప్రెస్ కూడా ఇరుక్కుంది. సగం రోజు లైను స్తంభించింది. ఆ డబ్బా చూసుకునే మెయింటెయినర్ మీద పెద్ద చార్జిషీటు పడింది. డబ్బా పాడవుతోందని తెలిసీ పైకి చెప్పలేదని నేరం. అంతకు ముందే వేరే సంగతిలో ఒక శిక్ష ఉంది పాపం అతనికి. ఈసారి రుజువైతే ఉద్యోగమే పోతుందని అందరూ అనుకున్నారు.

అతను నాకు కొత్తవాడు కాదు. వాళ్ళ నాన్నా నేనూ ఒకే గ్యాంగులో పనిచేశాం, పక్కపక్క క్వార్టర్లు. నన్ను బాబాయ్ అంటాడు. నాన్న పోయాక తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు అంతా ఆ ఒక్క జీతం మీదే, ఆ ఒక్క క్వార్టర్లోనే ఉన్నారు. చార్జిషీటు కాగితం పట్టుకుని తిన్నగా నా బల్ల దగ్గరకు వచ్చాడు.

“బాబాయ్, నేను నీకు ఫోన్ చేసి చెప్పేను కదేటి? డబ్బా తలుపు రబ్బరు కుళ్ళిపోనాది, వానొస్తే నీళ్ళు దిగిపోతాయి అని! గుర్తుందేటి నీకు?”

“గుర్తుందిరా” అన్నాను. నిజంగానే గుర్తుంది. కానీ ఏ రోజు చెప్పాడో గుర్తులేదు. నేను ఇన్‌స్పెక్టరుకు చేరవేశానో లేదో అదీ గుర్తులేదు.

“మరేటి భయం? నువ్వు రాసే ఉంటావు. ఆ కాగితం చూపించీ చాలు.”

వాడి ముఖంలో ఆ నిశ్చింత చూస్తే నాకు చెమట పట్టింది.

ఎంక్వైరీ మొదటి రోజు నన్ను సాక్షిగా పిలిచారు. అతను ఫోను చేసిన మాట నిజమేనని చెప్పాను. ఎంక్వైరీ ఆఫీసరు హిందీవాడు, నెమ్మదైన మనిషి. నెమ్మదిగానే అడిగాడు, “మీరూ ఆంధ్రా, అతనూ ఆంధ్రా. పక్కపక్కనే ఉన్నారు. మీ మాట నేను నమ్ముతాను, పైవాళ్ళు ఎందుకు నమ్మాలి? రాసిందేమైనా ఉంటే తెండి.” మా బల్ల మీది ఫోనుకు రికార్డింగు లేదు. రిజిస్టరులో గడి లేదు. నాలుగు రోజుల గడువిచ్చాడు.

ఆ నాలుగు రోజులూ ఆ వెతికే ప్లగిన్‌ను నమిలి మింగాను. స్టేషన్ పేరు కొట్టాను. డబ్బా అని, నీళ్ళు అని, రబ్బరు అని, ఇంగ్లీషులో, హిందీలో, తెలుగులో కొట్టాను. పాత ఫైళ్ళు వందలకొద్దీ వచ్చి పడుతున్నాయి గానీ నాకు కావలసింది రావడం లేదు. రెండో రోజుకు నా మీద నాకే అనుమానం వచ్చింది. అసలు రాశానా? రాసినట్టు అనుకుంటున్నానా? మూడో రోజు ఇంకో పాపపు ఆలోచన కూడా వచ్చింది. ఒకవేళ అది దొరికి, దాన్ని పైకి చెప్పనిది నేనే అని తేలితే? ఆరు నెలల్లో రిటైర్‌మెంటు, ముప్పైనాలుగేళ్ళలో ఒక్క మచ్చ లేదు. దొరక్కపోతే బాగుణ్ణని ఒక్క క్షణం అనిపించింది. అనిపించిందని ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

గడువు రోజు ఎంక్వైరీ పదకొండింటికి. నేను ఎనిమిదిన్నరకే ఆఫీసుకు వచ్చి కూర్చున్నాను. ఆ అమ్మాయి కూడా ముందే వచ్చింది. పొద్దున్నే కంట్లో చుక్కలు వేసుకోవాలి, రెండు సీసాల్లో ఏది ముందో మరిచిపోయాను. అది కూడా సెలవుకు ముందే రాసుకున్నాను కదా అని ‘చుక్కలు’ అని కొట్టాను. అదీ రాలేదు. మొదట విసుగొచ్చింది. తర్వాత చెయ్యి ఆగిపోయింది. నాలుగు రోజులుగా వచ్చిన ఆ వందల ఫలితాల్లో తెలుగు అక్షరం ఒక్కటంటే ఒక్కటి కనిపించలేదు!

“తల్లీ, నేను తెలుగులో రాసుకున్నవన్నీ ఏటైపోయాయి?”

“అవా? వో తో ‘ఘర్’ వాలా గ్రూప్ మే హై” అంది మామూలుగా. అని, నా ముఖం చూసి కుర్చీలోంచి లేచింది. “అంకుల్... అవి మీ ఇంటివి అనుకున్నాను. మన దగ్గర తెలుగు ఇంట్లోనే కదా ఉంటుంది! ఆఫీసు పని తెలుగులో ఎవరు రాస్తారు? మీ పర్సనల్ చదవడం మర్యాద కాదని ఘర్ అని పేరు పెట్టి మూసీసేను. ఎవరైనా వెతికినా కనిపించకుండా, పాత తెలుగువాటితో సహా సెర్చ్‌లోంచి కూడా తీసీసేను.”

ఏమనాలి ఆ పిల్లని? మర్యాద తెలిసిన పిల్ల చేసిన పని అది. ఈ ఊళ్ళో మా మూడు తరాల బతుకే అంత. గుమ్మం లోపల తెలుగు, గుమ్మం దాటితే హిందీ. డ్యూటీ మాట తెలుగులో ఉంటుందని ఆమెకు తోచే దారే లేదు. నాకూ ఆ సంగతి తట్టలేదు, చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికాను.

ఆ గుంపు తెరిచాం. ఇరవైమూడు ఫైళ్ళు. చుక్కల చీటీ, చింతపండు లెక్క, వాటి మధ్యలో అది. పైన తేదీ, మధ్యాహ్నం టైము. వాన పడడానికి పదిహేడు రోజుల ముందు.

“కోటా వైపు సిగ్నల్ డబ్బా. తలుపు రబ్బరు కుళ్ళిపోనాది బాబాయ్. వాన పడితే నీళ్ళు దిగిపోతాయి. రెండుసార్లు గుడ్డ కుక్కేను, ఆగదు. కొత్త డబ్బా బేగి పంపించమను.” అచ్చం అతని గొంతులాగే ఉంది.

నాకు ఏడుపొచ్చింది, నిజంగానే. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది. అప్పుడు ఇద్దరం కింది లైను చూశాం. “సాయంత్రం ఇన్‌స్పెక్టరుకు చెప్పాలి. నేనే చెబుతానన్నాను.”

ఆ సాయంత్రమే ఆస్పత్రి వాళ్ళు ఫోను చేసి మర్నాడే ఆపరేషనుకు రమ్మన్నారు. కంగారులో వెళ్ళిపోయాను. తిరిగొచ్చాక ట్యాబు వరసలో అది కనిపించి ఉంటే గుర్తొచ్చేది. కనిపించలేదు, గుర్తు రాలేదు. ప్లగిన్‌కు చార్జిషీటు ఇవ్వడం కుదరదు కదా, మరిచిపోయినవాణ్ణి నేనే.

ఆ అమ్మాయి కూడబలుక్కుని ఆ లైను చదివింది. చదివి, గొంతు తగ్గించి, “అంకుల్, ఇది ప్రింటులో రాకుండా చేయొచ్చు. ఆఫీసరుకు కావల్సింది పైదే కదా” అంది.

అబద్ధమెందుకు, నా చేయి మౌసు మీదికి వెళ్ళింది. ఆ లైనంతా నీలంగా మారింది కూడా. ఒక్క మీట నొక్కితే చాలు, చెరిగిపోతుంది. అప్పుడే వాడు గుమ్మంలోంచి తొంగిచూశాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు, ఎంక్వైరీకని.

“దొరికిందేటి బాబాయ్?”

“దొరికిందిరా” అన్నాను. మౌసు వదిలేసి, ఉన్నది ఉన్నట్టు ప్రింటు కొట్టాను.

ఎంక్వైరీ గదిలో ఆఫీసరు కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. తెలుగు. “ఇది ఎవరు చదువుతారు? మీరు సాక్షి, అతను ముద్దాయి, మీరిద్దరూ చదవకూడదు” అన్నాడు. ఆ గదిలో తెలుగు వచ్చిన మూడో మనిషి ఆ అమ్మాయే. కంప్యూటర్లోంచి తీసింది తనేనని చెప్పడానికి వచ్చి, గోడ పక్కన నిలబడి ఉంది. కాగితం ఆమె చేతికిచ్చారు.

అంత నెమ్మదిగా చదవడం నేను జన్మలో వినలేదు. డ... బ్బా... త... లు... పు. ఒత్తు దగ్గర ఆగుతుంది, మళ్ళీ వెనక్కి వెళ్తుంది. ఒక్కో వాక్యం చదివి హిందీలో చెబుతోంది. మా మెయింటెయినర్ పెదాలు ఆమెతో పాటే కదులుతున్నాయి, తన మాటలే కదా. చివరి లైను దగ్గరకు వచ్చి ఆ పిల్ల ఆగిపోయింది. ఈసారి అక్షరం రాక కాదు.

“ఆగే పఢియే” అని తర్వాతది చదవమన్నాడు ఆఫీసరు. తలెత్తి నన్ను చూసింది. చదవమన్నట్టు తలూపాను. చదివింది.

“చెప్పారా ఇన్‌స్పెక్టరుకు?” అని ఆఫీసరు నన్ను అడిగాడు.

“లేదు సార్. మరిచిపోయాను.”

“నేనే ఫైలు మూసేశాను సార్, అందుకే—” అని ఆ అమ్మాయి అందుకుంది.

“సర్దమన్నది నేను సార్” అన్నాను.

ఆఫీసరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత కాగితం మీద సంతకం చేసి ఫైల్లో పెడుతూ అన్నాడు, “నాలుగు రోజుల క్రితం మీ మాట నమ్మొచ్చా అని ఆలోచించాను. సొంతవాణ్ణి కాపాడడానికి కాగితం పుట్టించేవాడు ఈ చివరి లైను రాసుకోడు. ఠీక్ హై.”

ఆ ఠీక్ హై విన్న క్షణం నా ఒళ్ళంతా దూదిలా తేలిపోయింది. నా మీద చర్య తప్పదని తెలుసు. అయినా నాలుగు రోజులుగా గుండె మీద కూర్చున్నదేదో లేచి వెళ్ళిపోయింది.

బయట క్యాంటీన్ దగ్గర వాడూ నేనూ టీ పట్టుకుని నిలబడ్డాం. టీ చల్లారిపోతోంది.

“నువ్వు చెప్పలేదేటి బాబాయ్, ఇన్‌స్పెక్టరుకి?” అన్నాడు చివరికి. కోపంగా కాదు. కోపంగా అడిగినా బాగుండేది.

“లేదురా. మరిచిపోయాను. తప్పు నాదే.”

గ్లాసులోకి చూస్తూ నిలబడ్డాడు. “అమ్మ నిన్నటి నుంచి ఒకటే మాట. ఆయన రాసే ఉంటాడు, నువ్వేటీ బెంగపెట్టుకోకు అని.” ఒక గుక్క తాగి, “రాసేవు కదా. చాల్లే” అన్నాడు.

నెల తిరక్కుండా వాడి మీద నేరం కొట్టేశారు. నాకు మందలిస్తూ ఒక కాగితం వచ్చింది, సర్వీసు రికార్డులో చేరింది. ముప్పైనాలుగేళ్ళ తెల్లచొక్కా మీద ఒక మరక. విచిత్రమేమిటంటే, ఆ కాగితం అందుకున్న మధ్యాహ్నం ఇంటికెళ్ళి వంకాయ కూరతో రెండోసారి వడ్డించుకుని తిని, సాయంత్రం మా ఆవిడ కసిరి లేపేదాకా ఒళ్ళెరక్కుండా నిద్రపోయాను. “మెమో వచ్చిన మొగాడికి ఇంత నిద్రేటి!” అని ఆవిడ ఆశ్చర్యం.

ప్లగిన్లు మాత్రం తీయించలేదు. తప్పు వాటిది కాదు కదా. ‘ఘర్’ గుంపును విప్పేసి, చుక్కల చీటీనీ చింతపండునూ ఇంటికి పంపించేశాను. డ్యూటీవి తొమ్మిది తేలాయి, వాటికి మళ్ళీ మొదటి వరసలో చోటిచ్చాను. ఆ అమ్మాయి రోజూ పొద్దున ఒక తెలుగు ఫైలు తీసి నాకు చదివి వినిపించడం మొదలుపెట్టింది. నేను అడగలేదు. నేను వెళ్ళిపోయేనాటికి ఒత్తుల దగ్గర ఆగడం మానేసింది. ఏ ట్యాబు మూయాలన్నా, “మూసీమంటారా అంకుల్?” అని అడిగేది.

ఆ డబ్బా ఫైలు మాత్రం ఇంకా తెరిచే ఉంది. ఎంక్వైరీ అయిపోయింది, నేరం పోయింది, మెమో వచ్చింది. కానీ కొత్త డబ్బా రాలేదు. రోజూ ఇన్‌స్పెక్టరుకు గుర్తుచేసేవాణ్ణి. నన్ను చూస్తేనే ఆయన పక్క గదిలోకి తప్పుకునేవాడు, పాపం.

రిటైరయ్యే రోజు నా బల్ల మీద పూలదండలు, మిఠాయి డబ్బాలు. సన్మానానికింకా ఒక గంట టైముంది. ఫోను మోగింది. అలవాటుగా తీశాను.

“బాబాయ్, నువ్వేనేటి? ఇంకా ఉన్నావా?” అవతల బళ్ళ చప్పుడు, గాలి. “కొత్త డబ్బా వచ్చీసింది. నిలబడి బిగించీసేను. బిందెడు నీళ్ళు పోసి చూసేను, చుక్క దిగలేదు. ఇంక మూసీ బాబాయ్, ఆ ఫైలు.”

మీట నొక్కితే తేదీ, టైము పడ్డాయి. వాడు అన్నది అన్నట్టు, వాడి మాటల్లోనే టైపు చేశాను, బిందెడు నీళ్ళతో సహా. తర్వాత ఆ ట్యాబు మూసేసి, దండ వేయించుకోవడానికి లేచాను.